వాయుగుండం రోజుల్లో క్లౌడ్ నేర్చుకునేవాళ్ళకు కొన్ని జాగ్రత్తలు

దసరా దాటి దీపావళి దగ్గర పడేసరికి మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ముసురు పట్టుకుంటుంది. కాలేజీలకు సెలవులిస్తారు. పిల్లలు ల్యాప్‌టాప్ ముందేసుకుని ఏదైనా కొత్తది నేర్చుకుందామని కూర్చుంటారు. ఈ మధ్య ఎక్కువమంది నోట క్లౌడ్ మాటే వినబడుతోంది, అంటే పెద్ద కంపెనీల కంప్యూటర్లను నెట్ ద్వారా అద్దెకు తీసుకుని వాడుకోవడం. తప్పకుండా నేర్చుకోండి. అయితే ఈ చదువుకు ఒక మీటరు ఉంది, మన ఇంట్లో కరెంటు పోయినా అది తిరుగుతూనే ఉంటుంది.

మా అక్కవాళ్ళది అల్లూరు దగ్గర. మేనల్లుడు బీటెక్ మూడో ఏడులో ఉండగా వాళ్ళ నాన్న డెబిట్ కార్డుతో ఒక క్లౌడ్ ఖాతా తెరిచాడు. వీడియో చూస్తూ, అందులో చెప్పిన సైజులోనే సమాచారం దాచే డేటాబేస్ ఒకటి పెట్టాడు. ఆ సాయంత్రమే గాలి మొదలైంది. కరెంటు పోయింది, కాసేపటికి సెల్ టవర్లూ పోయాయి. మా బావ రొయ్యల గుంటల దగ్గర జనరేటర్ మీద ఏరేటర్లు తిప్పుకుంటూ మూడు రాత్రులు ఇంటికే రాలేదు. నాలుగో రోజు కరెంటొచ్చేసరికి వాడికి డేటాబేస్ సంగతే గుర్తు లేదు. నెల తిరగ్గానే బావ ఫోన్‌కు మెసేజ్ వచ్చింది, ఖాతాలో నాలుగున్నర వేల పైచిలుకు పోయిందని.

"కరెంటే లేదు గదా మామా, అదెట్లా నడిచింది?" అన్నాడు వాడు. బిల్లు పేజీ తెరిచాం. ఉన్నది ఒకటే వరస: డేటాబేస్, 264 గంటలు. పెట్టిన సాయంత్రం నుంచి నెలాఖరు దాకా పదకొండు రోజులు, ఒక్క గంట కూడా వదలకుండా లెక్కేశారు.

వాడు అలా అనుకోవడంలో వింతేం లేదు. మన చేలో మోటారైతే కరెంటు పోగానే ఆగిపోతుంది. ఈ మోటారు మాత్రం వేరే ఊళ్ళో ఉంది. అమెజాన్ వాళ్ళ క్లౌడ్ ఏడబ్ల్యూఎస్‌నే తీసుకుంటే ముంబైలో 2016 నుంచి, హైదరాబాద్‌లో 2022 నుంచి డేటా సెంటర్లు నడుపుతోంది. మన వీధిలో స్తంభం విరిగిపడితే అక్కడ మీటరు ఆగదు. పైగా దాన్ని ఆపడానికి మన చేతిలో నెట్ ఉండదు. అందుకే వాయుగుండం హెచ్చరిక రాగానే, ఫోన్లు ఛార్జింగ్ పెట్టుకున్నట్టే, క్లౌడ్‌లో నడుస్తున్నవన్నీ తీసేయండి. ఆపడం వేరు, తీసేయడం వేరు. సర్వర్‌ను, అంటే మనం అద్దెకు తీసుకున్న కంప్యూటర్‌ను, ఆపినా దాని డిస్కుకు అద్దె పడుతూనే ఉంటుంది. ఏడబ్ల్యూఎస్‌లో ఆర్‌డీఎస్ అనే సర్వీసు కింద పెట్టిన డేటాబేస్‌ను ఆపితే ఏడు రోజుల తర్వాత తనంతట తానే మళ్ళీ మొదలవుతుంది. ప్రాక్టీసు కోసం పెట్టినదాన్ని దాచుకునే పనేముంది? రేపు మళ్ళీ పెట్టుకుంటే చెయ్యి కూడా తిరుగుతుంది.

ఒక చిన్న అలవాటు నేను అందరికీ చెబుతుంటాను. లైనక్స్ సర్వర్‌లోకి లాగిన్ కాగానే, ఇంకే పనీ మొదలెట్టకముందే, షట్‌డౌన్ కమాండుకు ప్లస్ 120 అని నిమిషాల్లో గడువు ఇచ్చి వదలండి. మధ్యలో కరెంటు పోయి మీరు బయటపడిపోయినా రెండు గంటలకు ఆ సర్వర్ తనే ఆగిపోతుంది. పని మిగిలితే గడువు రద్దు చేసి మళ్ళీ ఇచ్చుకోవచ్చు.

ఉచితం అన్న మాట దగ్గర బాగా జాగ్రత్తగా ఉండాలి. పాత తెలుగు వీడియోల్లో ఏడబ్ల్యూఎస్ ఏడాది పాటు ఉచితం, చిన్న సర్వర్ నెలకు 750 గంటలు నడుపుకోవచ్చు అని చెబుతారు. 2025 జులై 15 నుంచి తెరిచిన ఖాతాలకు అది వర్తించదు. ఇప్పుడు ఖాతా తెరవగానే వాడకంలో తగ్గించుకునేలా 100 డాలర్ల క్రెడిట్, కొన్ని పనులు పూర్తి చేస్తే ఇంకో 100 డాలర్ల దాకా ఇస్తారు. ఫ్రీ ప్లాన్ ఎంచుకుంటే ఆరు నెలలకో, క్రెడిట్ అయిపోయినప్పుడో, ఏది ముందైతే అప్పుడు ముగుస్తుంది. మీరు పెయిడ్‌కు మారితే తప్ప బిల్లు పడదు. కొత్తవాళ్ళు ఫ్రీ ప్లానే తీసుకోండి. గూగుల్ క్లౌడ్ 90 రోజులకు 300 డాలర్లు ఇస్తుంది. మైక్రోసాఫ్ట్ వాళ్ళ క్లౌడ్ అజూర్‌లో విద్యార్థుల ఖాతాకు కార్డే అడగరు, 100 డాలర్ల క్రెడిట్ వస్తుంది. కాలేజీ మెయిల్ ఉన్న పిల్లలకు నా సలహా అదే. నాన్న కార్డు దాకా వెళ్ళకుండా మొదలుపెట్టవచ్చు.

కార్డు పెట్టక తప్పదంటే మొదటి రోజే ఖర్చు ఇంత దాటితే మెయిల్ పంపే బడ్జెట్ అలర్ట్ పెట్టుకోండి, ఒక్క డాలరుకే పెట్టండి. అది హెచ్చరిస్తుందే గానీ ఖర్చును తనంతట ఆపదు. లెక్కలు కూడా కొన్ని గంటలు ఆలస్యంగా చేరతాయి. కాబట్టి అలర్ట్ పెట్టాం కదా అని వదిలేయకండి, పడుకునే ముందు బిల్లు పేజీ ఒకసారి చూడండి. అలాగే పేజీ పైన రీజియన్ పేరు, అంటే మీ సర్వర్ ఏ ఊరి డేటా సెంటర్లో ఉందో ఆ పేరు, గమనించండి. ఒకరోజు ముంబైలో, ఇంకోరోజు తెలియక వర్జీనియాలో సర్వర్ పెట్టేస్తారు. ముంబై పేజీలో చూస్తే వర్జీనియాలోది కనబడదు.

ఇక తాళాలు. ఖాతా తెరిచిన మెయిల్‌తో రోజూ లాగిన్ కాకండి. దానికి ఎంఎఫ్‌ఏ, అంటే పాస్‌వర్డుతో పాటు ఫోన్‌లో వచ్చే కోడ్ కూడా అడిగే రెండో తాళం, పెట్టి పక్కన ఉంచి, రోజువారీ పనికి వేరే యూజర్‌ను చేసుకోండి. ఎంఎఫ్‌ఏ ఉన్న ఫోన్ వానలో తడిసి పాడైతే లోపలికి వెళ్ళడమే కష్టమవుతుంది, అందుకని ఇంట్లో ఇంకో ఫోన్‌లో కూడా పెట్టండి. ఏడబ్ల్యూఎస్‌లో ఎనిమిది దాకా పెట్టుకోవచ్చు.

యాక్సెస్ కీ, అంటే ప్రోగ్రాములు మీ ఖాతాలోకి వెళ్ళడానికి వాడే రహస్య కోడ్, విషయంలో మాత్రం ఎంత చెప్పినా తక్కువే. ప్రాజెక్టు ఫైల్‌లో కీ ఉంచి, కోడ్ అందరూ చూసేలా పెట్టే గిట్‌హబ్ సైట్‌లో పెడతారు. అలాంటి కీల కోసం ప్రోగ్రాములు రాత్రీపగలూ వెతుకుతుంటాయి, నిమిషాల్లో పట్టేస్తాయి. కీ దొరికినవాళ్ళు మీ ఖాతాలో పెద్ద పెద్ద సర్వర్లు లేపి, మీ ఖర్చుతో బిట్‌కాయిన్ లాంటి డిజిటల్ నాణేలు సంపాదించుకునే క్రిప్టో మైనింగ్ చేసుకుంటారు. ఫైల్ చెరిపేసినా పాత కమిట్లలో, అంటే గిట్‌హబ్ దాచుకున్న పాత కాపీల్లో, కీ అలాగే ఉంటుంది. బయటపడిందని అనుమానం వచ్చినా సరే, ముందు ఆ కీని రద్దు చేయండి. ఎర్రర్ వచ్చిందని వాట్సాప్ గ్రూపులో స్క్రీన్‌షాట్ పెట్టేటప్పుడు కూడా కీ కనబడుతోందేమో చూసుకోండి. నెట్ సెంటర్లో ఖాతా తెరిపించుకోవద్దు, మీ ఓటీపీ ఇంకొకరికి చెప్పొద్దు.

ఇంతా చేసి బిల్లు వచ్చిందే అనుకోండి, టెన్షన్ పడి కార్డు బ్లాక్ చేసి ఊరుకోకండి, బాకీ ఖాతా మీద అలాగే ఉంటుంది. అన్ని రీజియన్లూ తిరిగి నడుస్తున్నవి తీసేయండి. తర్వాత సపోర్టుకు రాయండి, నేర్చుకునేవాళ్ళమని, పొరపాటు ఎక్కడ జరిగిందో, ఏమేం తీసేశారో ఉన్నదున్నట్టు. మొదటిసారి పొరపాటుకు మాఫీ చేసిన సందర్భాలు ఉన్నాయి, తప్పక చేస్తారని మాత్రం అనుకోలేం. మా వాడు రాసిన ఉత్తరానికి జవాబు రావడానికి మూడు రోజులు పట్టింది. ఆ మూడు రోజులూ వాళ్ళ నాన్న ఎదుట పడలేక ఇంటి వెనక వసారాలో తిన్నాడు. మీ పిల్లాడికీ ఇలా జరిగితే ముందు పక్కన కూర్చుని బిల్లు పేజీ తెరిపించండి, ఏం నడుస్తోందో చూసి తీయించండి.