లింక్ పోతే చెవికి తెలియాలి: లైనక్స్‌లో శబ్దంతో నెట్‌వర్క్ కాపలా ఎలా పెట్టుకోవాలి?

విజయనగరంలో ఒక చిన్న కేబుల్ ఇంటర్నెట్ ఆఫీసు అనుకోండి. ఉన్నది ఒక్క మనిషి. బిల్లులు రాసేది, "బాబూ, పొద్దుట్నుంచీ నెట్ రావట్లేదు" అనే ఫోన్లు ఎత్తేది, రౌటర్ మార్చుకోవడానికి వచ్చినవాళ్లకి జవాబు చెప్పేది అంతా ఆయనే. ఒక ఊరికి వెళ్లే లైన్ (లింక్) పోయి గోడ మీద స్క్రీన్‌లో ఎర్ర చుక్క వెలిగితే చూసే తీరిక ఆయనకెక్కడిది? శబ్దమైతే తల తిప్పక్కర్లేదు.

ఈ ఆలోచన పాతదే. అమెరికాలో టఫ్ట్స్ యూనివర్సిటీకి చెందిన మైఖేల్ గిల్ఫిక్స్, ఆల్వా కౌచ్ 2000లో 'పీప్' అనే టూల్‌ను పరిచయం చేశారు. నెట్‌వర్క్‌లో జరిగేదాన్ని పిట్టల కూతలు, నీటి చప్పుడు లాంటి ప్రకృతి శబ్దాలుగా వినిపించేది అది. మనకి అంత అక్కర్లేదు. ఒక చిన్న షెల్ స్క్రిప్ట్ (కమాండ్లు వరసగా రాసిన ఫైల్), నాలుగు సౌండ్ ఫైళ్లు చాలు. దాన్ని 'నెట్‌గంట' అందాం. ఇక్కడ చెప్పేది డెబియన్, ఉబుంటు సిస్టమ్‌లకి.

మొదలుపెట్టే ముందు ఒక్క నియమం ఖాయం చేసుకోండి: ఏమీ వినబడకపోతే అంతా బాగుందని అర్థం కాకూడదు. స్పీకర్ వైరు ఊడినా, స్క్రిప్ట్ ఆగిపోయినా గది నిశ్శబ్దంగానే ఉంటుంది. అందుకే అంతా సవ్యంగా ఉన్నప్పుడు కూడా ఐదు నిమిషాలకోసారి మెల్లగా ఒక శబ్దం రావాలి. అది ఆగిందంటే కాపలా ఆగిందన్నమాట. ఇది లేని టూల్‌ని నేనైతే ఎవరి చేతికీ ఇవ్వను.

మొదటి పని: శబ్దాలు ఎంచుకోవడం

ఎక్కువమంది తొందరపడి ఒక సైరన్ పెట్టేసేది ఇక్కడే. చెవిలో జోరీగలా మోగే శబ్దాన్ని రెండోరోజుకే మ్యూట్ చేసేస్తారు. వీధిలో వినబడే శబ్దం కూడా వద్దు. పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం రోజుల్లో ఊరంతా డప్పులే, అప్పుడు డప్పు శబ్దం ఏం వినబడుతుంది? ఫోన్ రింగ్, కుక్కర్ విజిల్, ఆటో హారన్ కూడా ఇంతే.

వీణ స్వరాలు బాగా పనికొస్తాయి. 1919 నుంచి సంగీత కళాశాల నడుస్తున్న ఊరు, పక్కనే బొబ్బిలి వీణలు, మీటి ఇచ్చేవాళ్లకి కొదవ లేదు. గజపతినగరం లింక్‌కి గ, పార్వతీపురానికి ప, సాలూరుకి స అని పెట్టుకుంటే కొత్తగా చేరిన కుర్రాడు కూడా మర్చిపోడు. లింక్ పోతే ఆ స్వరం మూడుసార్లు, తిరిగొస్తే ఒక్కసారి. అంతా బాగుందని చెప్పే శబ్దానికి తంబురా మీటు చాలు. మీరు రికార్డ్ చేసుకున్నవే వాడండి, ఎక్కడెక్కడివో ఫైళ్లు ప్యాకేజీలో పెట్టి పంచితే హక్కుల గొడవ. ఫైల్ మొదట్లో అర సెకను ఖాళీ వదలండి, ఎందుకో తర్వాత చెప్తాను.

రెండో పని: స్క్రిప్ట్

ప్రతి లింక్‌కి ఒక పింగ్ (ఉన్నావా అని అడిగే చిన్న సందేశం) పంపాలి, రెండు సెకన్లు ఆగాలి. జవాబు వస్తే పింగ్ 0 అనే కోడ్‌తో ముగుస్తుంది, రాకపోతే 1తో, పేరు దొరక్కపోవడం లాంటి ఇంకేదైనా తప్పు జరిగితే 2తో. ఒక్కసారి జవాబు రాలేదని మోగించొద్దు, వరసగా మూడుసార్లు రాకపోతేనే మోగించండి. అడ్రసులు అంకెల్లోనే రాయండి. పేర్లు పెడితే డీఎన్ఎస్ (పేరుని అంకెల అడ్రస్‌గా మార్చేది) పోయినప్పుడు లింకులన్నీ పోయినట్టు మోగుతాయి.

ఏ లింక్ దేని వెనక ఉందో కూడా కాన్ఫిగ్ ఫైల్లో, అంటే లింకుల జాబితాలో, రాసుకోవాలి. పార్వతీపురం లైన్ గజపతినగరం మీదుగా వెళ్తుంటే, గజపతినగరం పోయినప్పుడు గ ఒక్కటే మోగాలి. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లాలో స్తంభాలు పడగొట్టింది. అలాంటి రాత్రి స్వరాలన్నీ ఒకేసారి మోగితే లైన్‌మన్‌ని ఎటు పంపాలో తెలియదు.

మోగించడానికి 'పీఏప్లే' అనే కమాండ్ వాడండి. శబ్దాన్ని నడిపే సిస్టమ్‌గా పల్స్ ఆడియో ఉన్నా, దాని స్థానంలో పైప్‌వైర్ ఉన్నా పనిచేస్తుంది. దాని ముందు 'టైమౌట్ 5' (ఐదు సెకన్లు దాటితే ఆపేసేది) పెట్టడం మరవొద్దు. సౌండ్ సిస్టమ్ ఇరుక్కుపోతే స్క్రిప్ట్ కూడా దానితోపాటే ఆగిపోతుంది, అప్పుడు లింకుల్ని చూసేవాడే ఉండడు.

మూడో పని: ప్యాకేజీ

ఇవన్నీ ఒక్క ఫైల్‌గా కట్టి ఎక్కించడానికే ప్యాకేజీ. ఒక ఫోల్డర్ తీసుకుని లోపల అసలు సిస్టమ్‌లో ఉండే వరసనే ఫోల్డర్లు చేయండి. స్క్రిప్ట్ యూఎస్ఆర్‌లోని బిన్‌లోకి, శబ్దాలు యూఎస్ఆర్‌లోని షేర్‌లోకి, లింకుల జాబితా ఈటీసీలోకి. వాటి పక్కనే, పై స్థాయిలో, ఇంగ్లిష్ పెద్ద అక్షరాలతో డెబియన్ అనే ఫోల్డర్, దానిలో కంట్రోల్ ఫైల్. అందులో పేరు, వెర్షన్, ఆర్కిటెక్చర్, మెయింటైనర్, వివరణ, ఆధారపడే ప్యాకేజీలు రాయాలి. షెల్ స్క్రిప్టే కాబట్టి ఆర్కిటెక్చర్ 'ఆల్'. ఆధారాలు రెండు: ఐపీయూటిల్స్-పింగ్, పల్స్ఆడియో-యూటిల్స్. ప్యాకేజీ పేరులో అండర్‌స్కోర్ ఒప్పుకోదు. ఫైల్ చివర ఒక కొత్త లైన్ ఉండాలి.

లింకుల జాబితా ఫైల్ పేరును, స్లాష్‌తో మొదలయ్యే పూర్తి దారితో సహా, అదే డెబియన్ ఫోల్డర్‌లో 'కాన్ఫ్‌ఫైల్స్' అనే ఫైల్లో రాయండి. లేకపోతే కొత్త వెర్షన్ ఎక్కించగానే ఆపరేటర్ కష్టపడి రాసుకున్న అడ్రసులన్నీ చెరిగిపోతాయి.

ఇక సర్వీస్ ఫైల్, అంటే స్క్రిప్ట్‌ని వెనకాల నడిపిస్తూ ఉండమని సిస్టమ్‌కి చెప్పేది. ఇది సిస్టమ్ సర్వీస్‌గా కాదు, యూజర్ సర్వీస్‌గా ఉండాలి. యూఎస్ఆర్, లిబ్, సిస్టమ్‌డీ, యూజర్ అనే వరసలో పెట్టండి. రూట్ (అడ్మిన్) పేరుతో నడిచే సర్వీస్‌కి లాగిన్ అయిన మనిషి సౌండ్ సెషన్ మామూలుగా అందదు, అది నడుస్తున్నట్టే కనిపిస్తుంది గానీ మోగదు.

డీపీకేజీ-డెబ్ అనే కమాండ్‌కి బిల్డ్ ఆప్షన్‌తోపాటు రూట్-ఓనర్-గ్రూప్ కూడా ఇచ్చి ప్యాకేజీ కట్టండి. ప్యాకేజీలో తప్పులు పట్టే లింటియన్‌తో ఓసారి తనిఖీ చేయండి. ఎక్కించేటప్పుడు ఏపీటీ ఇన్‌స్టాల్ అని, చుక్క, స్లాష్ పెట్టి ఫైల్ పేరు ఇస్తే ఆధారాలు కూడా అదే తెచ్చుకుంటుంది.

మోగకపోతే

స్పీకర్ దగ్గర మొదలుపెట్టి వెనక్కి రండి. అదే యూజర్‌గా పీఏప్లేతో ఒక ఫైల్ చేత్తో మోగించండి. మోగలేదా? శబ్దం హెచ్‌డీఎంఐ ద్వారా స్పీకర్ లేని మానిటర్‌కి పోతోందేమో చూడండి. వాల్యూమ్ సరిచేసే ఆల్సామిక్సర్ తెరిచి, కింద రెండు ఎమ్‌లు కనిపిస్తే అది మ్యూట్‌లో ఉన్నట్టు. ఎమ్ నొక్కితే పోతుంది.

చేత్తో మోగి సర్వీస్‌లో మోగకపోతే, సర్వీసుల్ని నడిపే కమాండ్ సిస్టమ్‌సీటీఎల్‌కి యూజర్ ఆప్షన్ ఇచ్చి స్టేటస్ చూడండి. 203 ఎగ్జెక్ అని ఉంటే, స్క్రిప్ట్‌కి నడిచే అనుమతి లేకపోవడమో, విండోస్‌లో ఎడిట్ చేసినందువల్ల లైను చివరల్లో అదనపు అక్షరం చేరడమో అయి ఉంటుంది.

కరెంటు పోయొచ్చాక ఎవరూ లాగిన్ కాకుండానే మోగాలంటే లాగిన్‌సీటీఎల్‌లో ఎనేబుల్-లింగర్ పెట్టాలి. అది ఒక్కటే చాలదు. లాగిన్ లేనప్పుడు సౌండ్ కార్డు అందాలంటే ఆ యూజర్‌ని ఆడియో గ్రూప్‌లో చేర్చి, సిస్టమ్ రీస్టార్ట్ చేయాలి.

స్వరం మొదలు తెగి వినబడుతోందా? కొద్ది సెకన్లు పని లేకపోతే సౌండ్ కార్డు నిద్రపోతుంది, మళ్లీ లేచేలోపు మొదటి ముక్క పోతుంది. అర సెకను ఖాళీ వదలమన్నది ఇందుకే.

లింక్ బాగున్నా మోగుతుంటే, అవతలి రౌటర్ పింగ్‌కి జవాబివ్వకుండా ఆపేసి ఉండొచ్చు. దాని వెనకున్న మరో అడ్రస్ పెట్టి చూడండి.

చివరగా, లింక్ నిజంగా పోతే మోగుతుందా లేదా అనేది ఏ కేబులూ పీకకుండానే తేల్చుకోవచ్చు. 192.0.2.1 అనే అడ్రస్ ఉదాహరణల కోసం కేటాయించింది, ఎక్కడా వాడకూడనిది, కాబట్టి జవాబు రాదు. లింకుల జాబితాలో దాన్ని ఒక లైనుగా చేర్చి, సర్వీస్ రీస్టార్ట్ చేసి, మూడు పింగ్‌లు అయ్యేదాకా ఆగండి. మోగితే ఆ లైన్ తీసేసి మళ్లీ రీస్టార్ట్ చేయండి. నెలకోసారైనా, ముఖ్యంగా అక్టోబర్ తుపాన్ల ముందు, ఇది చేయించండి.