నెమ్మదించిన కంప్యూటర్, 4వ పాఠం: షట్‌డౌన్ చేశామనుకుంటాం

పోయిన పాఠంలో టాస్క్ మేనేజర్ (ఏమేం నడుస్తున్నాయో చూపే విండోస్ కిటికీ) తెరిచి, అక్కర్లేని స్టార్టప్ యాప్స్‌ను, అంటే కంప్యూటర్ ఆన్ కాగానే వాటంతటవే తెరుచుకునే యాప్స్‌ను, ఆపమన్నాను. కొందరు ఎంఎస్‌కాన్ఫిగ్ అనే విండోస్ సెట్టింగ్‌ల కిటికీలోకి వెళ్లి, సర్వీసెస్ (వెనకాల నడిచే విండోస్ పనులు) ట్యాబ్‌లో టిక్కులన్నీ పీకేశారు. ఇప్పుడు సౌండ్ రావట్లేదు, వైఫై కనబడట్లేదు. ఎక్కడ ఆపాలో సరిగ్గా చెప్పకపోవడం నా తప్పే. టెన్షన్ పడకండి. అదే ట్యాబ్‌లో ఎనేబుల్ ఆల్ నొక్కి, ఓకే కొట్టి, రీస్టార్ట్ చేయండి. మళ్లీ అటు వెళ్లకండి.

రెండో ఫిర్యాదు: "రోజూ షట్‌డౌన్ చేస్తున్నా వారం తిరిగేసరికి మళ్లీ నత్తనడకే." నాకు ఒళ్లు మండేది ఇక్కడే. టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్, అందులో సీపీయూ నొక్కి, కింద అప్ టైమ్ (విండోస్ ఎంతసేపటి నుంచి ఆగకుండా నడుస్తోందో ఆ లెక్క) చూడండి. రాత్రే ఆపిన నా కంప్యూటర్‌లో ఒకసారి 23:04:37:52 అని ఉంది. అంటే 23 రోజులుగా ఆగనట్టే లెక్క!

విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ అని ఒకటుంది. షట్‌డౌన్ నొక్కితే మీరు తెరిచినవి మూసుకుంటాయి గానీ, విండోస్ కెర్నల్ (దాని గుండెకాయ లాంటి భాగం), డ్రైవర్లు (పరికరాలను నడిపే ప్రోగ్రాములు) ఏ స్థితిలో ఉన్నాయో అలాగే డిస్క్‌లో దాచుకుంటుంది. పొద్దున్నే దాన్నే తిరిగి ఎక్కిస్తుంది. ఆన్ కావడం తొందరగా అవుతుంది, నిజమే. కానీ ఏదైనా డ్రైవర్ మెమరీని మింగి కూర్చుంటే, ఆ మింగినదీ తిరిగొస్తుంది. రీస్టార్ట్ అలా కాదు, అంతా మొదటి నుంచి లోడ్ చేస్తుంది. షిఫ్ట్ పట్టుకుని షట్‌డౌన్ నొక్కినా పూర్తిగా ఆగుతుంది. ల్యాప్‌టాప్ మూత వేయడం మామూలుగా నిద్రపుచ్చడమే, దాన్ని ఆపడం అనకండి.

ఎస్ఎస్‌డీ (హార్డ్‌డిస్క్ కంటే చాలా వేగమైన కొత్త రకం డిస్క్) ఉంటే నేను ఫాస్ట్ స్టార్టప్ తీసేస్తాను. కంట్రోల్ ప్యానెల్, పవర్ ఆప్షన్స్, పవర్ బటన్ల సెట్టింగ్‌లో ఉంటుంది. పాత హార్డ్‌డిస్క్ అయితే ఉంచి, వారానికోసారి రీస్టార్ట్ చేస్తే చాలు.

టెంపరరీ ఫైల్స్ తుడవడం మీకు తెలిసిందే. తుడిచే వాటి జాబితాలో డౌన్‌లోడ్స్ (మీరు దించుకున్న ఫైళ్లు) కూడా ఉంటుంది, దాని టిక్ తీశాకే తుడవండి.

అభ్యాసం: ఏడు రోజులు, కంప్యూటర్ ఆన్ చేసి ఐదు నిమిషాలు ఆగి, ఏమీ తెరవకుండా అప్ టైమ్, మెమరీ శాతం రాసుకోండి. ఆరు రాత్రులూ మామూలు షట్‌డౌన్, ఏడో రోజు పొద్దున రాసే ముందు రీస్టార్ట్. ఆ కాగితం దగ్గర పెట్టుకునే వచ్చే పాఠం మొదలుపెట్టండి.