కష్టకాలానికి ముందే రాసుకునే కాగితం: 3వ పాఠం

పోయినసారి ఇచ్చిన పని చేశారా? మనసు మరీ దిగజారే ముందు మీలో కనిపించే గుర్తులు రాయమన్నాను. ‘టెన్షన్‌గా ఉంటుంది’ అని రాసుంటే కొట్టేయండి, పరీక్షలున్న ప్రతివాళ్లకీ అది ఉండేదే. ‘రెండు రోజులుగా మెస్‌కి వెళ్లలేదు, అమ్మ ఫోన్ చేస్తే ఎత్తాలనిపించట్లేదు’ అన్నంత వివరంగా ఉండాలి.

చచ్చిపోవాలనిపించే వేళ ఏం చేయాలో, ఎవరి దగ్గరికి వెళ్లాలో ముందే రాసుకునే ఈ కాగితంలో ఆరు గడులుంటాయి. అమెరికాలో బార్బరా స్టాన్లీ, గ్రెగొరీ బ్రౌన్ అనే మనస్తత్వవేత్తలు తయారుచేసిన పద్ధతి ఇది. మొదటిది గుర్తులు. రెండోది ఒంటరిగా చేసుకోగలిగినవి: తలస్నానం, మేడ దిగి నాలుగు అడుగులు నడవడం లాంటివి. ఈరోజు మూడు, నాలుగు. ఈ రెంటినీ చాలామంది కలిపేస్తారు.

మూడో గడిలో ధ్యాస మళ్లించే మనుషులు, చోట్లు రాయాలి. క్రికెట్ గురించి ఆపకుండా వాగే రూమ్మేట్, కాలేజీ ఎదురుగా టీకొట్టు. వాళ్లకి మీ బాధ చెప్పక్కర్లేదు, పక్కన కూర్చుంటే చాలు.

నాలుగో గడిలోవాళ్లకి మాత్రం ‘చచ్చిపోవాలనిపిస్తోంది’ అని నోరు తెరిచి చెప్పగలగాలి. ఇక్కడ అందరూ బెస్ట్ ఫ్రెండ్ పేరు రాస్తారు. రాయండి, కానీ పదిహేడేళ్లవాడి ఒక్కడి మీదే అంత బరువు పెట్టకండి. ఒక పెద్దవాళ్ల పేరైనా ఉండాలి. నాన్నతో చనువు లేకపోతే పిన్ని, మేనమామ, ట్యూషన్ మాస్టారు... ‘ఎన్ని మార్కులొచ్చాయ్?’ అని ముందే అడగనివాళ్లెవరైనా సరే.

వాళ్లని ముందుగానే అడగాలి. ‘అక్కా, ఎప్పుడైనా మరీ కష్టంగా ఉంటే ఫోన్ చేస్తా, అర్ధరాత్రయినా ఎత్తుతావా?’ అంటే చాలు. కుదరదంటే కోపం తెచ్చుకోకుండా ఇంకో పేరు రాసుకోండి. పేరు పక్కన నంబరు తప్పనిసరి. చాలా హాస్టళ్లలో ఫోన్లు ఉండనివ్వరు కాబట్టి, రాత్రి రెండింటికి ఎవరి తలుపు కొట్టాలో కూడా రాయండి: వార్డెనా, పక్కగది సీనియరా?

ఐదో గడి (డాక్టర్లు, హెల్ప్‌లైన్లు) వచ్చే పాఠంలో ఉన్నా అందులోని ఒక నంబరు ఇప్పుడే ఎక్కించుకోండి. టెలి మానస్, 14416. మానసిక ఆరోగ్యం కోసం 2022లో కేంద్రం మొదలుపెట్టిన ఉచిత ఫోన్ సేవ, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు. గడుల వరుస పాటించాలని లేదు. ఏదైనా చేసుకుంటానేమోనని భయం వేస్తే మిగతావన్నీ వదిలేసి ముందు మనిషి దగ్గరికి వెళ్లండి, లేదా అత్యవసర నంబరు 112కి ఫోన్ చేయండి.

ఈ వారం పని: రెండు గడుల్లో మూడేసి పేర్లు రాయండి. నాలుగో గడిలో ఒక్కరినైనా నిజంగా అడిగి రండి. వచ్చే పాఠంలో ఆరో గడి కూడా చూద్దాం: ప్రమాదకరమైన వస్తువులు మన చేతికి అందకుండా ఎవరికి అప్పగించాలో.