నర్సెస్ డే రోజు ఎడిత్ క్యావెల్ గురించి మాట్లాడమంటే ఎలా చెప్పాలి

మే 12 దగ్గరకొస్తుందంటే చాలు నర్సింగ్ కాలేజీల్లో హడావిడి మొదలు, దీపాలు, తెల్ల చీరలు, ప్రతిజ్ఞ, నైటింగేల్ ఫోటోకి దండ, అదంతా అయ్యాక ఎవరో ఒక స్టూడెంట్‌ని పట్టుకుని "అమ్మా, నువ్వొక పది నిమిషాలు ఏదైనా మాట్లాడు" అంటారు. ఈసారి మిమ్మల్ని అలా అడిగితే ఎడిత్ క్యావెల్ గురించి మాట్లాడండి. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మన్లు బ్రస్సెల్స్‌ని ఆక్రమించుకున్నప్పుడు అక్కడ నర్సింగ్ స్కూల్లో మేట్రన్‌గా, అంటే నర్సులందరికీ పెద్దగా ఉంటూ దాదాపు 200 మంది సైనికులు తప్పించుకోడానికి సాయం చేసి, దానికి ప్రాణం ఇచ్చిన ఇంగ్లీషు నర్సు ఈవిడ. పేరు పలికేటప్పుడు మొదటి అక్షరం మీద నొక్కండి, ట్రావెల్ అన్నట్టు క్యావెల్.

ముందు నేను చేసిన తప్పు చెప్తాను, మీరు చెయ్యకుండా ఉంటారు. ట్యూటర్‌గా చేరిన కొత్తలో నేనూ ఈవిడ కథ చెప్పాను, తెల్లవారుజాము, తుపాకులు, వరసగా నిలబడ్డ సైనికులు, అక్కణ్ణుంచే ఎత్తుకున్నాను. హాలంతా సైలెంట్, ఫస్టియర్ పిల్లలు ఇద్దరు ముగ్గురు కళ్ళు తుడుచుకున్నారు, బాగా చెప్పాను అనుకున్నా. మర్నాడు క్లాసులో "ఆవిడ అసలు ఏం పని చేసేది?" అని అడిగితే ఒక్కరూ నోరు విప్పలేదు. చనిపోయిన సంగతి తప్ప ఇంకేం గుర్తులేదు వాళ్ళకి. అప్పట్నుంచి నా రూల్ ఒకటే, క్యావెల్ కథ వార్డులోంచి మొదలుపెట్టాలి, కాల్చిన చోటునుంచి కాదు. పది నిమిషాల్లో ఆరు నిమిషాలు ఆవిడ పనికి పోవాలి.

స్క్రీన్ ఉంటే ముందు ఒక ఫోటో పెట్టండి, తోటలో రెండు కుక్కల మధ్య కూర్చుని ఉంటుంది, అది దొరుకుతుంది ఈజీగా. యుద్ధం టైంలో ప్రచారం కోసం వేసిన పోస్ట్‌కార్డు బొమ్మలు మాత్రం పెట్టకండి, వాటిల్లో ఆవిడని నేలమీద పడిపోయిన పడుచుపిల్లలా వేశారు. చనిపోయేనాటికి ఆవిడకి 49 ఏళ్ళు, ఇంకో రెండు నెలలైతే 50. జుట్టు నెరిసిన సీనియర్ సిస్టర్ అన్నమాట, మన హాస్పిటల్స్‌లో రౌండ్స్‌కి వస్తుంటే జూనియర్లు అటెన్షన్‌లోకి వచ్చేస్తారే, అలాంటి మనిషి. ఆ రూపం పిల్లల మనసులో పడితేనే తర్వాత చెప్పేది ఎక్కుతుంది.

తర్వాత పుట్టుపూర్వోత్తరాలు, ఇవి ఒక్క నిమిషంలో లాగించెయ్యండి. 1865 డిసెంబర్ 4న ఇంగ్లండ్‌లో నార్విచ్ దగ్గర స్వార్డెస్టన్ అనే పల్లెలో పుట్టింది, నాన్న చర్చిలో ఫాదర్, నలుగురు పిల్లల్లో పెద్దది. కొన్నేళ్ళు బ్రస్సెల్స్‌లో ఒక ఇంట్లో పిల్లలకి చదువు చెప్పింది, నాన్నకి జబ్బు చేస్తే వచ్చి సేవ చేసింది, ఆ తర్వాతే నర్సింగ్‌లోకి వచ్చింది, అంటే 30 దాటాక. ఇది మాత్రం కాస్త ఒత్తి చెప్పండి, లేటుగా చేరామని బాధపడే పిల్లలు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు.

ఇప్పుడు అసలు పట్టు ఇక్కడుంది. 1896లో లండన్ హాస్పిటల్‌లో ట్రైనింగ్‌కి చేరింది, అక్కడి మేట్రన్ ఎవా లూకెస్ చాలా స్ట్రిక్ట్, స్టూడెంట్స్ గురించి రిజిస్టర్‌లో ఉన్నదున్నట్టు రాసేది. క్యావెల్ గురించి ఏం రాసిందో తెలుసా, తల్చుకుంటే పని చెయ్యగల సత్తా ఉంది గానీ అంత శ్రద్ధ లేదు, టైంకి అస్సలు రాదు, పూర్తిగా నమ్మి పని అప్పజెప్పలేం అని. ఇది చెప్పి కాస్త ఆగండి. హాల్లో అసెస్‌మెంట్‌లో మార్కులు తక్కువొచ్చి కుమిలిపోతున్నవాళ్ళు తలెత్తి చూస్తారు, నేను కళ్ళారా చూశాను. 1897లో మెయిడ్‌స్టోన్ ఊళ్ళో టైఫాయిడ్ ప్రబలితే పంపిన నర్సుల్లో ఈవిడా ఉంది, ఆ పనికి మెడల్ కూడా వచ్చింది, అదీ కలపండి.

ఆ తర్వాత చేతికున్న వాచీ తీసి పోడియం మీద పెట్టండి, నిజంగానే తీసి పెట్టండి. ఎందుకంటే 1907లో డాక్టర్ ఆంత్వాన్ డెపాజ్ అనే సర్జన్ ఈవిడని బ్రస్సెల్స్‌కి పిలిచి కొత్త నర్సింగ్ స్కూల్ అప్పజెప్పాడు, అప్పటిదాకా బెల్జియంలో రోగుల్ని చూసేది ఎక్కువగా చర్చి సిస్టర్లే, చదువుకున్న ఇళ్ళ ఆడపిల్లలు జీతానికి నర్సు పని చెయ్యడం అంటే పరువు తక్కువ అనుకునేవాళ్ళు (మన దగ్గరా అమ్మమ్మల కాలంలో ఇదే మాట, విననివాళ్ళు ఎవరు). నాలుగు ఇళ్ళు కలిపి చేసిన స్కూల్, మొదట్లో చేరింది పట్టుమని అయిదారుగురు కూడా లేరు. అక్కడ మేడమ్ క్యావెల్ పొద్దున టిఫిన్ టేబుల్ దగ్గర వాచీ ముందు పెట్టుకుని కూర్చునేది, రెండు నిమిషాలు లేటైతే ఆ అమ్మాయి రెండు గంటలు ఎక్స్‌ట్రా డ్యూటీ చెయ్యాల్సిందే. టైంకి రాదు అని రిజిస్టర్‌లో రాయించుకున్న మనిషే ఈవిడ! అలా నడిపితే కొన్నేళ్ళలోనే మూడు హాస్పిటల్స్‌కి, 24 స్కూళ్ళకి, 13 చంటిపిల్లల బడులకి నర్సుల్ని తయారుచేసి పంపే స్థాయికొచ్చింది ఆ స్కూలు. వాచీ అక్కడే ఉంచండి, చివర్లో మళ్ళీ దానితో పనుంది.

1914 ఆగస్టులో యుద్ధం మొదలైనప్పుడు ఆవిడ నార్విచ్‌లో అమ్మ దగ్గర ఉంది, తోటలో కలుపు తీస్తుంటే కబురు తెలిసింది అంటారు, అక్కడే ఉండిపోవచ్చు, ఎవరూ ఏమీ అనరు, కానీ ఇప్పుడే నా అవసరం ఎక్కువ అని వెనక్కి బయల్దేరింది. ఆగస్టు 20న జర్మన్ సైన్యం బ్రస్సెల్స్‌లోకి వచ్చింది. స్కూలు రెడ్‌క్రాస్ హాస్పిటల్ అయింది, గాయపడ్డ జర్మన్ సైనికులకి కూడా అందరిలాగే డ్రెస్సింగ్ చెయ్యాలి అని నర్సులకి చెప్పింది. దీన్ని వదిలెయ్యకండి, లేకపోతే కథ ఒకవైపే ఒరిగిపోద్ది.

నవంబర్‌లో ఒక రాత్రి ఎర్మాన్ కాపియో అనే ఇంజనీర్ ఇద్దరు బ్రిటిష్ సైనికుల్ని తీసుకొచ్చి గుమ్మంలో నిలబెట్టాడు, చెషైర్ రెజిమెంట్ వాళ్ళు, కర్నల్ బోజర్, సార్జెంట్ మీచిన్. బెల్జియంలోని మోన్స్ దగ్గర జరిగిన యుద్ధంలో వెనక్కి తగ్గే సైన్యంతో కలవలేక శత్రువుల మధ్య చిక్కుకుపోయిన వాళ్ళు అప్పట్లో చాలామంది. దొరికితే వాళ్ళకీ ప్రమాదమే, దాచినవాళ్ళకీ ప్రమాదమే, అది ఆవిడకి తెలుసు, తెలిసే లోపలికి రానిచ్చింది. తర్వాత ఒకళ్ళ వెనక ఒకళ్ళు తొమ్మిది నెలలపాటు వస్తూనే ఉన్నారు.

ఇక్కడ ఒక్కర్తే చేసినట్టు చెప్పకండి ప్లీజ్, బెల్జియం, ఫ్రాన్స్ జనానికి అన్యాయం చేసినట్టవుద్ది. పని ఎలా జరిగేదో మెట్లుమెట్లుగా చెప్పండి, పిల్లలకి ఆసక్తిగా ఉంటుంది. ఫ్రాన్స్, బెల్జియం సరిహద్దు దగ్గర బెలిన్యీ అనే ఊళ్ళో ప్రిన్స్ రెజినాల్డ్, ఆయన అక్క ప్రిన్సెస్ మరీ దె క్రుయీల కోట ఉండేది, సైనికులు ముందు అక్కడికి చేరేవాళ్ళు, అక్కడే ఫోటోలు తీసి దొంగ గుర్తింపు కాగితాలు తయారుచేసేవాళ్ళు. లూయీజ్ త్యూలియే అనే టీచరమ్మ అడవుల్లో దాక్కున్నవాళ్ళని వెతికి తీసుకొచ్చేది. బ్రస్సెల్స్‌లో క్యావెల్ వాళ్ళకి చోటిచ్చి, తిండి పెట్టి, గాయాలు చూసి, చేతిలో కాస్త డబ్బు పెట్టేది. అక్కణ్ణుంచి ఫిలిప్ బోక్ అనే ఆర్కిటెక్ట్ చూసిన గైడ్లు హాలండ్ సరిహద్దు దాకా తీసుకెళ్ళేవాళ్ళు, హాలండ్ యుద్ధంలో లేదు కాబట్టి అది దాటితే బతికినట్టే. ఒక బోర్డు మీద బెలిన్యీ, బ్రస్సెల్స్, హాలండ్ అని మూడు చుక్కలు పెట్టి గీత గీస్తే చాలు, పెద్ద మ్యాప్ అక్కర్లేదు.

1915 జూలై 31న బోక్, త్యూలియే దొరికిపోయారు, ఆగస్టు 5న క్యావెల్‌ని అరెస్ట్ చేశారు. సాన్ జీల్ జైల్లో పది వారాలు. అడిగితే దాచకుండా ఒప్పుకుంది, అవును పంపాను, కొంతమంది క్షేమంగా చేరామని ఇంగ్లండ్ నుంచి థాంక్స్ చెప్తూ ఉత్తరాలు కూడా రాశారు అని. ఆ మాటే కేసుని బిగించింది, ఎందుకంటే సైనికులు నిజంగానే శత్రుదేశానికి చేరారని రుజువైపోయింది. అక్టోబర్ 7, 8 తేదీల్లో విచారణ, మొత్తం 35 మంది ముద్దాయిలు, అయిదుగురికి మరణశిక్ష. బ్రస్సెల్స్‌లో ఉన్న అమెరికా, స్పెయిన్ ప్రతినిధులు 11 రాత్రి జర్మన్ అధికారుల దగ్గరికెళ్ళి బతిమాలారు, వినలేదు. అక్టోబర్ 12 తెల్లవారుజామున తీర్ నాసియోనాల్ అనే షూటింగ్ రేంజ్‌లో క్యావెల్‌నీ, పక్కనే ఫిలిప్ బోక్‌నీ కాల్చి చంపారు. మిగతా ముగ్గురికీ శిక్ష తగ్గించారు, త్యూలియే అలా బతికింది. ఇంతే చెప్పండి, ఇంతకన్నా సాగదీయొద్దు. ఆవిడ స్పృహతప్పి పడిపోతే ఆఫీసర్ పిస్తోలుతో కాల్చాడని ఒక కథ తిరుగుతూ ఉంటుంది, అది యుద్ధం రోజుల్లో పుట్టించిన ప్రచారం. అలాంటి కల్పన పెడితే నిజం కూడా తేలిపోద్ది.

ప్రశ్నలకి రెడీగా ఉండండి. "గూఢచారా మేడమ్?" అని తప్పకుండా అడుగుతారు. కోర్టులో ఆవిడ మీద పెట్టిన నేరం గూఢచర్యం కాదు, సైనికుల్ని శత్రువు దగ్గరికి చేర్చడం. అయితే ఆ నెట్‌వర్క్‌లో కొందరు సమాచారం కూడా దాటించారని బెల్జియం ఆర్కైవ్స్‌లో ఆధారాలున్నాయని బ్రిటిష్ నిఘా సంస్థ మాజీ చీఫ్ స్టెల్లా రిమింగ్టన్ 2015లో చెప్పింది, అదీ దాచకుండా చెప్పండి. ఇంకో కష్టమైన ప్రశ్న, రెడ్‌క్రాస్ హాస్పిటల్‌లో ఉంటూ సైనికుల్ని దాచడం కరెక్టేనా అని. నా ఉద్దేశం చెప్తాను, రెడ్‌క్రాస్ గుర్తుకి రక్షణ దొరికేదే ఏ పక్షమూ పట్టదన్న నమ్మకం మీద, ఆ లెక్కన ఆవిడ చేసింది స్కూల్లో నర్సులందర్నీ ప్రమాదంలో పెట్టే పనే, అందుకే చాలా విషయాలు వాళ్ళకి తెలియనివ్వలేదు. అయినా గుమ్మంలో నిలబడ్డవాణ్ణి వీధిలోకి తోసెయ్యలేకపోయింది, ఆ స్థానంలో ఉంటే నేనూ తొయ్యలేను. మీరు ఒప్పుకోకపోతే ఆ మాటే చెప్పండి, స్టేజి మీద నిజంగా ఆలోచిస్తున్న మనిషి కనపడాలి.

చివరి మాటల సంగతి. చనిపోయే ముందు రాత్రి గాహన్ అనే ఆంగ్లికన్ పాస్టర్ జైల్లో కలిసినప్పుడు "దేశభక్తి ఒక్కటే చాలదు, ఎవరి మీదా నాకు ద్వేషం గానీ పగ గానీ ఉండకూడదు" అంది. ఇది అందరికీ తెలిసిన మాటే. దీనితో పాటు లండన్ విగ్రహం ముచ్చట చెప్పండి, 1920లో పెట్టినప్పుడు దాని మీద రాజు కోసం, దేశం కోసం అని ఉంది గానీ ఆవిడ అన్న ఈ మాట లేదు, నాలుగేళ్ళ తర్వాత 1924లో, అదీ ఆడవాళ్ళ సంఘాలు అడిగితే, చెక్కించారు.

కానీ ప్రసంగం ముగించేది దానితో కాదు. వాచీ చేతిలోకి తీసుకోండి. అక్టోబర్ 10న జైలునుంచి తన నర్సులకి రాసిన ఉత్తరం ఉంది, అందులో ఆవిడ అన్నది ఇదీ, మీలో ఎవరికైనా నా మీద బాధ ఉంటే క్షమించమని అడుగుతున్నా, ఒక్కోసారి మరీ కఠినంగా ఉండి ఉంటాను, కావాలని మాత్రం ఎవరికీ అన్యాయం చెయ్యలేదు, మీరు అనుకున్నదానికంటే చాలా ఎక్కువగా మిమ్మల్ని ప్రేమించాను. రెండు నిమిషాలకి రెండు గంటలు చేయించిన మేడమ్ రాసిన ఉత్తరం. నెమ్మదిగా చదవండి, మధ్యలో వ్యాఖ్యానం వద్దు, చదివాక వాచీ పెట్టుకుని వచ్చి కూర్చోండి.

కూర్చున్నాక ఎవరో ఒక ఫస్టియర్ పిల్ల పక్కకొచ్చి ఫోటోలో కుక్క ఏమైంది అని అడుగుద్ది, నన్ను ప్రతిసారీ అడిగారు. ఆ రెండు కుక్కల్లో ఒకదాని పేరు జాక్, దాని సంగతి చెప్పండి. ఆవిడ పోయాక క్రుయీ కుటుంబం తీసుకెళ్ళి పెంచింది, 1923లో చనిపోయింది, ఇప్పుడు లండన్ ఇంపీరియల్ వార్ మ్యూజియం వాళ్ళ దగ్గర భద్రపరిచి ఉంది.