పాత మారుతీ 800 హీటెక్కుతోందా? ముందు నీళ్లు ఎటు పోతున్నాయో తేల్చండి

బండి హీటెక్కుతోందని షెడ్డుకు తీసుకెళ్తే పాత కార్లకు మామూలుగా చేసే వైద్యం రెండు రకాలు. ఒకటి థర్మోస్టాట్ వాల్వ్ (ఇంజిన్ వేడెక్కాకే నీళ్లను రేడియేటర్‌కు వదిలే కవాటం) పీకేయడం, రెండోది ఫ్యాన్ డైరెక్ట్ చేయడం, అంటే ఎప్పుడూ తిరిగేలా కలిపేయడం. దాంతో టెంపరేచర్ గేజు ముల్లు కొన్నాళ్లు కిందికి దిగుతుంది కానీ కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) తగ్గడం ఆగదు. అసలు లోపం లోపలే పెరిగి చివరికి హెడ్డు (సిలిండర్లను పైనుంచి మూసే భాగం) మీదికి వస్తుంది. 1983 డిసెంబరు నుంచి 2014 జనవరి దాకా తయారైన మారుతీ 800ను, అందులోని 796 సీసీ మూడు సిలిండర్ల ఇంజిన్‌ను దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాం. ఆ తరం పెట్రోల్ కార్లకు చాలావరకు ఇదే పద్ధతి పనికొస్తుంది. హెడ్డు అల్యూమినియంది కాబట్టి ఒక్కసారి గట్టిగా మరిగినా వంగిపోవచ్చు. అందుకే ముల్లు ఎరుపు గీత దగ్గరికి వచ్చాక ‘ఇంకో రెండు కిలోమీటర్లే కదా’ అని లాగించకండి.

ముల్లు ఎప్పుడు ఎక్కుతోంది?

సగం జవాబు ఇక్కడే దొరుకుతుంది. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ఎక్కి, బండి అరవైలో పోతుంటే దిగితే ఫ్యాన్ వైపు చూడండి. ఊళ్లో బాగానే ఉండి హైవే మీదో ఘాట్ రోడ్డులోనో ఎక్కితే రేడియేటర్ లోపల పూడి ఉండాలి, లేదా పంప్ నీళ్లను సరిగ్గా తోయకపోవాలి. స్టార్ట్ చేసిన పది నిమిషాలకే ఎక్కితే థర్మోస్టాట్ తెరుచుకోవడం లేదు, లేదా లోపల నీళ్లే లేవు. ఛార్జింగ్ లైటు వెలగడం, ముల్లు ఎక్కడం ఒకేసారి జరిగితే ఫ్యాన్ బెల్ట్ తెగినట్టే. ఈ ఇంజిన్‌లో ఆల్టర్నేటర్‌నూ వాటర్ పంప్‌నూ తిప్పేది ఆ ఒక్క బెల్టే.

గేజును మాత్రం గుడ్డిగా నమ్మకండి. నీళ్లు సెన్సర్ కంటే కిందికి పడిపోతే దాని కొనకు ఆవిరి, గాలి తప్ప ఏమీ తగలవు. ఇంజిన్ ఉడికిపోతున్నా ముల్లు మధ్యలోనే ఉంటుంది, ఒక్కోసారి కిందికి కూడా దిగుతుంది.

చల్లటి ఇంజిన్ మీద మొదటి తనిఖీ

రాత్రంతా ఆగిన బండి మీద, తెల్లారి స్టార్ట్ చేయకముందే చూడాలి. వేడి మీద రేడియేటర్ మూత తిప్పితే మరిగే నీళ్లు మొహానికి ఎగజిమ్ముతాయి. మూత తీశాక నీళ్లు మెడ దాకా కనిపించాలి. చాలామంది రిజర్వ్ డబ్బాను మాత్రమే చూసి ‘ఫుల్లుగా ఉంది’ అనుకుంటారు. డబ్బా నిండుగా ఉండి రేడియేటర్‌లో లెవెల్ తగ్గిందంటే, ఇంజిన్ చల్లారేటప్పుడు డబ్బాలోంచి నీళ్లు వెనక్కి రావడం లేదన్నమాట. దీనికి కారణం మూత కింది చిన్న వాక్యూమ్ వాల్వ్ పాడవడమో, డబ్బాకు వెళ్లే సన్నపైపు చీలడమో అయివుంటుంది. చల్లారాక పై హోస్ (ఇంజిన్ నుంచి రేడియేటర్ పైభాగానికి వచ్చే రబ్బరు పైపు) నొక్కుకుపోయి కనిపిస్తే తప్పు ఆ వాల్వ్‌దే.

మూత పని ప్రెషర్ కుక్కర్ వెయిట్ పని లాంటిదే. దాని మీద 0.9 అని ఉంటే అన్ని బార్ల ఒత్తిడి దాకా నీళ్లను పట్టి ఉంచుతుంది. ఆ ఒత్తిడిలో మామూలు నీళ్లు కూడా దాదాపు 118 డిగ్రీల దాకా మరగవు. రబ్బరు గట్టిపడి ఒత్తిడి నిలవకపోతే వందకే మరిగి డబ్బాలోంచి పొంగిపోతాయి. కొత్త మూత ఖర్చు ఎంతో లేదు కాబట్టి హెడ్డు విప్పే మాట ఎత్తకముందే దాన్ని మార్చి చూడండి. అంకె మాత్రం పాతదే ఉండాలి. ఎక్కువ అంకె మూత పెడితే పాత హోసులు పగులుతాయి.

బయటికి కారుతోందా?

కారిన కూలెంట్ వేడికి ఆరిపోయి తెల్లటి లేదా పచ్చటి పొక్కులా అంటుకుంటుంది. హోస్ క్లిప్పుల దగ్గర, రేడియేటర్ ట్యాంకు అతుకుల వెంట, వాటర్ పంప్ షాఫ్ట్ కింద ఉండే చిన్న రంధ్రం దగ్గర టార్చి వేసి వెతకండి. ఆ రంధ్రం నుంచి చుక్క కారిందంటే లోపలి సీలు అయిపోయినట్టే, పంప్ మార్చాలి. ఇన్నేళ్లూ ఉత్త నీళ్లే పోసిన బండి అయితే ఇంజిన్ బ్లాక్ పక్కన ఉండే గుండ్రటి రేకు బిళ్లలు తుప్పుతో చిల్లులు పడి ఉంటాయి. వాటినీ వదలకండి. హీటర్ ఉన్న బండిలో తియ్యటి వాసన, ముందు అద్దం మీద జిగురు పొర, డ్యాష్‌బోర్డు కింద మ్యాట్ తడి కనిపిస్తే లీకు హీటర్ కోర్‌లో, అంటే కారు లోపలికి వేడిగాలి ఇచ్చే చిన్న రేడియేటర్‌లో ఉంది.

కంటికి దొరక్కపోతే చేతి పంప్ ఉన్న ప్రెషర్ టెస్టర్ తెచ్చి మూత స్థానంలో బిగించి 0.9 బార్ దాకా కొట్టండి. పావుగంటలో గేజు పడిపోకపోతే బయట లీకు లేనట్టే. పడిపోతున్నా నేల మీద చుక్క కనబడకపోతే అనుమానం ఇంజిన్ లోపలికే వెళ్తుంది.

లీకు ఆగడానికి రేడియేటర్‌లో పసుపు వేయడం మన రోడ్ల మీద పాత చిట్కా. ఊరు చేరడానికి పనికొస్తుందేమో గానీ, ఆ ముద్ద లీకును మూసినట్టే సన్నని ట్యూబులనూ మూస్తుంది. వేస్తే ఇల్లు చేరిన వెంటనే ఫ్లష్ చేయించాలి. స్టాప్ లీక్ పొడులతోనూ ఇదే తంటా.

ఫ్యాన్, థర్మోస్టాట్, రేడియేటర్

కార్బ్యురేటర్ మోడల్‌లో ఫ్యాన్‌ను నడిపేది థర్మో స్విచ్. ఇగ్నిషన్ ఆన్ చేసి, స్విచ్ కనెక్టర్ ఊడదీసి రెండు వైర్లనూ ఒక తీగముక్కతో కలపండి. ఫ్యాన్ తిరిగితే స్విచ్ పోయింది. తిరగకపోతే ఫ్యూజు, ఎర్త్, తర్వాత మోటారు చూడాలి. చిన్న కర్రతో తడితే తిరిగే మోటారుకు బ్రష్‌లు అరిగాయి. చాలా ఎంపీఎఫ్‌ఐ (కార్బ్యురేటర్ బదులు ఇంజెక్టర్లు ఉండే) బండ్లలో కూలెంట్ సెన్సర్ కనెక్టర్ పీకి ఇంజిన్ నడిపితే కంప్యూటర్ తనంతట తానే ఫ్యాన్ వేస్తుంది.

థర్మోస్టాట్‌ను గిన్నెలో నీళ్లు పోసి దారంతో వేలాడదీసి, థర్మామీటర్ పెట్టి వేడి చేయండి. 82 అని ముద్ర ఉన్నది ఆ డిగ్రీల దగ్గర కదలడం మొదలుపెట్టి, 95 చేరేసరికి బాగా తెరుచుకోవాలి. తెరుచుకోకపోతే కొత్తది వేయండి, తీసేసి వదిలేయకండి. అది లేకపోతే ఇంజిన్ వేడెక్కడానికి చాలాసేపు పడుతుంది, పెట్రోలు ఎక్కువ తాగుతుంది, సిలిండర్లు తొందరగా అరుగుతాయి.

ఇంజిన్ వేడెక్కాక ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో రేడియేటర్ మీద గళ్లుగళ్లుగా కొలవండి. మధ్యమధ్య చల్లటి పట్టీలు వస్తే అక్కడ ట్యూబులు పూడాయి. బోరు నీళ్లు పోసిన బండ్లలో ఇది మరీ ఎక్కువ. ఏసీ ఉంటే రేడియేటర్ ముందుండే ఏసీ కండెన్సర్‌కూ రేడియేటర్‌కూ మధ్య పేరుకున్న దుమ్ము, పురుగులు కూడా చూడండి. యాక్సిలరేటర్ ఇచ్చినప్పుడు కింది హోస్ లోపలికి పీల్చుకుపోతుంటే ఆ హోస్ మెత్తబడింది, లేదా రేడియేటర్ మూసుకుపోయింది.

హెడ్ గ్యాస్కెట్ అనుమానం

ఆయిల్ మూత కింద తెల్లటి మీగడ కనిపించగానే గ్యాస్కెట్ (హెడ్డుకూ ఇంజిన్ బ్లాక్‌కూ మధ్య ఉండే సీలు) పోయిందని తేల్చేస్తారు. రోజూ రెండు మూడు కిలోమీటర్లే తిరిగే బండిలో ఆవిరి తేమ వల్ల కూడా అది వస్తుంది. డిప్‌స్టిక్ మీద ఆయిల్ కూడా పాలు కలిసిన టీ రంగులో ఉంటేనే నిజంగా నీళ్లు కలిశాయని నమ్మండి.

తెల్లారి చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసి పై హోస్ మీద చెయ్యి వేయండి. నిమిషం తిరక్కముందే, పైపు ఇంకా చల్లగా ఉండగానే గట్టిపడితే ఆ ఒత్తిడి వేడి వల్ల వచ్చింది కాదు, సిలిండర్ మంట నుంచి తోసుకొచ్చిన గ్యాసుది. మూత తీసి నడిపినప్పుడు బుడగలు ఆగకుండా వస్తూ, యాక్సిలరేటర్ ఇస్తే పెరిగితే అదీ అదే సాక్ష్యం. కొత్తగా కూలెంట్ పోసిన బండిలో మాత్రం కాసేపు బుడగలు మామూలే. నీలిరంగు ద్రవంతో చేసే కంబషన్ లీక్ టెస్ట్‌లో రంగు పసుపుకు మారితే ఇక సందేహం అక్కర్లేదు.

ఏ సిలిండరో తెలియాలంటే చల్లటి ఇంజిన్‌కు ప్రెషర్ కొట్టి గంటసేపు ఉంచండి. మూడు ప్లగ్గులూ తీసి, ఇగ్నిషన్ కాయిల్ కనెక్షన్ పీకి, సెల్ఫ్ కొట్టండి. దూరంగా నిలబడండి. ఏ రంధ్రంలోంచి నీళ్లు చిమ్మితే అదే. ఆ సిలిండర్ ప్లగ్గు మిగతా రెండింటి కంటే కడిగినట్టు తెల్లగా ఉండటం కూడా కనిపిస్తుంది.

హెడ్డు విప్పాక స్ట్రెయిట్ ఎడ్జ్ (వంకరలేని ఉక్కు బద్ద) పెట్టి, నిలువునా అడ్డంగా ఐమూలగా దాని కింద ఫీలర్ గేజ్ (సందు కొలిచే సన్నని రేకులు) దూర్చండి. 0.05 మిల్లీమీటర్ల రేకు దూరిందంటే ఫేసింగ్ (మిషన్ మీద ఉపరితలాన్ని చదును చేయడం) చేయించాల్సిందే. అది చేయించకుండా కొత్త గ్యాస్కెట్ వేస్తే కొద్ది నెలల్లోనే మళ్లీ పోతుంది.

తిరిగి నింపేటప్పుడు

పాత కూలెంట్ తొట్టిలో పట్టండి. తియ్యగా ఉంటుందని కుక్కలు నాకుతాయి, అది వాటికి విషం. ఎంత దిగిందో కొలవండి, కొత్తది దాదాపు అంతే పట్టాలి. కాన్సెంట్రేట్ అయితే బ్యాటరీ వాటర్‌తో సగం సగం కలపండి. రెడీమిక్స్ అయితే ఏమీ కలపకూడదు. ఇంజిన్ పూర్తిగా చల్లారాక, ముందు చక్రాలు కాస్త ఎత్తులో ఉండేలా నిలిపి, హీటర్ వేడి వైపు తిప్పి, నెమ్మదిగా పోయండి. మూత లేకుండానే ఇంజిన్ నడుపుతూ, పై హోస్‌ను మధ్యమధ్య పిసుకుతూ, థర్మోస్టాట్ తెరుచుకుని లెవెల్ పడినప్పుడల్లా కలుపుతూ ఉండండి. బుడగలు ఆగాక మూత బిగించి ఒకసారి ఫ్యాన్ వేసి ఆగేదాకా నడపండి.

మర్నాడు చల్లగా ఉన్నప్పుడు మళ్లీ మూత తీసి చూడండి. గాలి పోయిన మేర లెవెల్ కొద్దిగా దిగుతుంది. వారం తర్వాత కూడా దిగుతూనే ఉంటే ప్రెషర్ టెస్టర్ మళ్లీ తగిలించాల్సిందే.