పాత పార్టు మీద పౌడర్ కోటింగ్: ఎప్పుడు లేపాలి, ఎప్పుడు దాని మీదే పెయింట్ కొట్టాలి

విజయవాడ ఆటోనగర్‌లో పాత సామాను కొట్ల నుంచి ఫుట్‌స్టెప్పులు, క్యారియర్లు, రిమ్ములు ఏరుకుని మా షెడ్డుకు తెచ్చేవాళ్లలో చాలామంది ముందుగా అనే మాట: “అన్నా, ఈ కోటింగ్ మొత్తం లేపేసి కొత్త రంగు కొట్టు.” నేను కాస్త ఆగమంటాను. ఇనుముకు గట్టిగా కరుచుకుని ఉన్న పౌడర్ కోటింగ్ (పొడి రంగు చల్లి ఓవెన్‌లో ఉడికించిన పొర) కంటే మంచి అడుగుపొర మన దగ్గర ఏదీ లేదు. దాన్ని లేపితే రెండు రోజుల చాకిరీ, పైగా మన కోస్తా గాలికి బోడి ఇనుము పూట గడవకుండానే తుప్పెక్కుతుంది.

ముందు అది పౌడరో కాదో చూడండి. గుడ్డను ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) థిన్నర్‌లో తడిపి ఒక మూల నిమిషం సేపు రుద్దండి. రంగు గుడ్డకు దిగితే అది మామూలు పెయింట్. దాని మీద ఏం కొట్టినా పొంగే ప్రమాదం ఉంది కాబట్టి తీసేయాల్సిందే. దిగకపోతే పౌడర్ అయినా కావచ్చు, టూకే పెయింట్ (హార్డనర్ కలిపి కొట్టేది) అయినా కావచ్చు. ఆ రెండింటికీ పైన చేసే పని ఒకటే. పౌడర్‌ను 180 నుంచి 200 డిగ్రీల ఓవెన్‌లో ఉడికిస్తారు. ఒకసారి గట్టిపడ్డాక అది మళ్లీ కరగదు, థిన్నర్‌కు లొంగదు.

తర్వాత పట్టు చూడాలి. కొత్త బ్లేడుతో ఇనుము తగిలేదాకా అడ్డంగా నిలువుగా చిన్న గళ్లు గీసి, ప్యాకింగ్ టేపు గట్టిగా అదిమి ఒక్కసారిగా లాగండి. గళ్లు కదలకపోతే కోటింగ్ మంచిదే. వెల్డింగ్ అతుకులు, బోల్టు రంధ్రాల అంచులు మాత్రం విడిగా చూడండి. అక్కడ పైకి అంతా నున్నగానే ఉంటుంది. గోటితో నొక్కితే కింద ఉబ్బినట్టు తెలుస్తుంది. చాకు మొనతో లేపితే పెచ్చు మొత్తం ఊడివస్తుంది, దాని అడుగున సన్నటి తుప్పు చార దెబ్బ తగిలిన చోటు నుంచి బెత్తెడు దూరం పాకి ఉంటుంది. ఆ చార ఆగిపోయి మెరిసే ఇనుము కనబడేదాకా లేపుకుంటూ పోవాలి. మధ్యలో ఆపితే మీరు వేసిన కొత్త రంగు కిందే అది పాకుతుంది.

కోటింగ్ బాగుంటే పని తేలిక. డిష్‌వాష్ నీళ్లతో కడిగి, ఆరాక గ్రీజు రిమూవర్‌తో తుడవండి. ఈ వరస తప్పకూడదు. జిడ్డు ఉండగా గరుకు పేపర్ పడితే ఆ జిడ్డు గీతల్లోకి దిగుతుంది. 320 నంబరు వాటర్ పేపర్‌తో (నీళ్లు తడుపుతూ రుద్దే గరుకు పేపర్) మెరుపు ఒక్క చుక్క కూడా మిగలకుండా రుద్దండి. పేపర్ అందని మూలల్లో ఎర్ర స్కాచ్‌బ్రైట్ (గరుకు పీచు ప్యాడ్) వాడండి. పెచ్చు లేచిన చోట అంచును 120తో మొదలుపెట్టి 180, 240 మీదుగా వేలికి మెట్టు తగలనంత వరకు సాగదీయాలి. ఈ కోటింగ్ 60 నుంచి 100 మైక్రాన్ల మందం ఉంటుంది కాబట్టి ఆ మెట్టు వదిలేస్తే చివరి రంగులో కనబడి తీరుతుంది. తర్వాత టూకే ఎపాక్సీ ప్రైమర్ ఒక చేయి, దాని మీద పీయూ (పాలీయురేథేన్) రంగు. పీయూ హార్డనర్‌లో ఐసోసైనేట్ ఉంటుంది, ఊపిరితిత్తులకు ఆస్తమా తెచ్చిపెడుతుంది. మూతికి కర్చీఫ్ కట్టుకుని స్ప్రే చేసే కుర్రాళ్లను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. కార్ట్రిడ్జ్ మాస్కు కొనివ్వండి.

లేపక తప్పకపోతే, మందపాటి ఇనుప సామానుకు బ్లాస్టింగే (గాలి ఒత్తిడితో ఇసుకలాంటి రవ్వ కొట్టడం) మేలు. పలచటి రేకుకు మాత్రం వద్దు, ఆ దెబ్బకు రేకు వంకర తిరుగుతుంది. రేకుకు కెమికల్ రిమూవర్ పూసి, ఆరిపోకుండా ప్లాస్టిక్ కవరు చుట్టి ఉంచితే కోటింగ్ ముడతలు పడి పొరలుగా లేస్తుంది. డైక్లోరోమీథేన్ ఉన్న రిమూవర్ త్వరగా పనిచేస్తుంది గానీ దాని ఆవిరి ఒంట్లోకి వెళ్లి కార్బన్ మోనాక్సైడ్‌గా మారుతుంది. అమెరికాలో 2019లో ఇళ్లలో వాడకానికి దాని అమ్మకాన్నే ఆపేశారు. మూసిన షెడ్డులో అసలు తెరవొద్దు. గుండె జబ్బు ఉన్నవాళ్లు దాని దగ్గరకే రావొద్దు. మామూలు నైట్రైల్ గ్లవుజుల్లోంచి అది నిమిషాల్లో చేతికి దిగుతుంది.

అల్లాయ్ వీల్స్ సంగతి వేరు. కాస్టిక్ సోడా నీళ్లలో వేస్తే అల్యూమినియాన్నే తినేస్తుంది. భట్టీలో కాల్చి లేపుతామనేవాళ్లకు ఇవ్వొద్దు. ఆ వీలుకు బలం వచ్చేది కంపెనీలో సుమారు 150 నుంచి 170 డిగ్రీల దగ్గర గంటల తరబడి ఇచ్చే వేడి వల్ల. 400 డిగ్రీల్లో కాలిస్తే ఆ బలం పోతుంది, పైకి ఏమీ తెలియదు, గుంతలో పడ్డప్పుడు బయటపడుతుంది. సస్పెన్షన్ స్ప్రింగులను యాసిడ్‌లో ముంచొద్దు, గట్టి ఉక్కు పెళుసెక్కి విరుగుతుంది.

మళ్లీ పౌడరే వేయించాలనుకుంటే ముందే తేల్చుకోండి. సొట్టలు పూడ్చే మామూలు పట్టీ (పుట్టీ) పెట్టిన పార్టు ఆ ఓవెన్ వేడికి నిలవదు. రబ్బరు బుష్‌లు తీసేసి పంపాలి.

చివరగా రిమ్ములు. నట్టు కూర్చునే గుంట, హబ్‌కు ఆనే ముఖం, మరలు: వీటి మీద మందంగా పెయింట్ గానీ పౌడర్ గానీ ఉండకూడదు. ఉంటే బండి నడిచేకొద్దీ పొర నలిగి నట్టు వదులవుతుంది. టేపు వేసి కప్పి స్ప్రే చేయండి. రంగు డబ్బా మీద రాసినంత సేపు ఆరనిచ్చి బిగించండి. టార్క్ రెంచితో బిగించాక, 50 నుంచి 100 కిలోమీటర్లు నడిపి నాలుగు చక్రాల నట్లూ మళ్లీ రెంచితో చూడండి.