దుబ్రోవ్నిక్ కోట పట్టణం: ఒక రోజులో చూడటం, తినడం ఎలా

జర్మనీలోనో నెదర్లాండ్స్‌లోనో ఉద్యోగం చేస్తున్న పిల్లల దగ్గరికి వరంగల్, హన్మకొండల నుంచి వెళ్లే తల్లిదండ్రులు ఇప్పుడు చాలామందే ఉన్నారు. క్రొయేషియా 2023 జనవరి 1న ఒకే వీసాతో తిరగగల యూరప్ దేశాల షెంగెన్ కూటమిలో చేరి, యూరోను కూడా స్వీకరించింది కాబట్టి, అదే వీసా మీద, అదే డబ్బుతో ఆడ్రియాటిక్ తీరంలోని దుబ్రోవ్నిక్‌ను చూసి రావచ్చు. జూలై, ఆగస్టుల్లో ఎండకు తోడు ఓడల్లో వచ్చే జనం ఎక్కువ. మే నెల గానీ సెప్టెంబరు గానీ ఎంచుకోవడం మేలు.

పొద్దున చేయవలసిన మొదటి పని కోట గోడ ఎక్కడం. వేసవిలో 8 గంటలకే తెరుస్తారు, పైన నీడ దాదాపు ఉండదు. గోడ చుట్టుకొలత 1,940 మీటర్లు. ఎత్తు కొన్ని చోట్ల 25 మీటర్లు. నడక గడియారపు ముల్లుకు ఎదురు దిశలో ఒకే వైపుగా సాగుతుంది కనుక, అందరూ గుమిగూడే పడమటి పిలె ద్వారం దగ్గర కాకుండా తూర్పున ప్లోచె ద్వారం దగ్గర ఎక్కితే, అన్నింటికంటే ఎత్తయిన మించెతా బురుజు ఎక్కడం చల్లని వేళలోనే అయిపోతుంది, సముద్రం పక్కన నడక చివరికి మిగులుతుంది. ఇటీవలి సంవత్సరాల్లో టికెట్ 35 నుంచి 40 యూరోల దాకా ఉంది. దాదాపు అదే ధరకు దొరికే దుబ్రోవ్నిక్ పాస్‌లో కొన్ని మ్యూజియాలు, సిటీ బస్సు కూడా కలిసి వస్తాయి కాబట్టి విడి టికెట్ కొనడంలో అర్థం లేదు.

మించెతా పైనుంచి ఇళ్ల కప్పులను కాసేపు గమనించండి. ఎర్రగా మెరిసే పెంకుల్లో చాలా భాగం 1991–92 ముట్టడిలో ఫిరంగి గుండ్లకు కూలిన కప్పులపై తర్వాత వేసినవి. వెలిసిన పసుపు రంగువి పాతవి. భూమి వైపు గోడ మందం 6 మీటర్ల దాకా ఉండగా సముద్రం వైపు అందులో సగమే ఉంటుంది. ఖిలా వరంగల్‌లో మట్టికోట, కందకం, రాతికోట వరుసగా చూసినవారికి, శత్రువు నేల మీదుగా వస్తాడన్న ఈ లెక్క వెంటనే అర్థమవుతుంది. అయితే ఓరుగల్లుకు రేవు దూరం. సముద్ర వర్తకులకు గణపతిదేవుడు 1244లో అభయమిచ్చిన శాసనం ఉన్నది తీరంలోని మోటుపల్లిలో. దుబ్రోవ్నిక్‌లో అయితే ఓడలు కోట గోడ కిందికే వచ్చేవి.

కిందికి దిగాక పిలె ద్వారం లోపల 1438 నాటి ఒనోఫ్రియో ఫౌంటెన్ ఉంది. ఆ నీళ్లు తాగవచ్చు, సీసా నింపుకోండి. పక్కనే ఫ్రాన్సిస్కన్ మఠంలో 1317లో మొదలైన మందుల దుకాణం ఉంది. ప్రధాన వీధి స్ట్రాడున్‌లో ఇళ్లన్నీ ఒకే తీరుగా కనిపించడానికి కారణం 1667 భూకంపం తర్వాత వాటిని ఒకే పద్ధతిలో తిరిగి కట్టడమే. మధ్యాహ్నం ఎండలో పాత రేవు నుంచి పడవలో పావుగంట దూరంలో ఉన్న లొక్రుం దీవికి వెళ్లి చెట్ల నీడన గడపవచ్చు.

తిండి విషయంలో జాగ్రత్త అవసరం. స్ట్రాడున్ మీద బల్లలు వేసిన హోటళ్లలో వీధికి కూడా ధర కట్టవలసి వస్తుంది; గోడ బయట గ్రూజ్, లపాద్ వైపు సాధారణంగా చవక. చేపల ధర మెనూలో తరచుగా కిలోకు రాసి ఉంటుంది. అందువల్ల పచ్చి చేపను చూపించమని అడిగి, బరువు, మొత్తం ధర తెలుసుకున్నాకే కాల్చమని చెప్పాలి. దగ్గర్లోని స్తోన్ ఊరి ఆల్చిప్పలను నిమ్మరసం పిండి పచ్చిగానే తింటారు. నల్ల రిసొట్టో అనే అన్నం వంటకం రంగు కటిల్‌ఫిష్ అనే సముద్రజీవి సిరాది, ప్రషుట్ అంటే ఉప్పు పట్టించి ఆరబెట్టిన పంది మాంసం. శాకాహారులు ఈ రెండింటినీ గుర్తుపెట్టుకుని, వెల్లుల్లి, ఆలివ్ నూనెతో ఆకుకూర, ఆలుగడ్డ కలిపి వండే బ్లిత్వాను అడగవచ్చు. కారం ఎక్కడా తగలదు. తొక్కు సీసా బసలో ఉంచుకోవడం మంచిది. తీపికి రొజాటా ఉంది, మన జున్నులా నోట్లో కరుగుతుంది. ఇనుప మూత మీద నిప్పులు పోసి మాంసం గానీ ఆక్టోపస్ గానీ ఆలుగడ్డలతో నిదానంగా మగ్గించే పెకా తినాలంటే మాత్రం చాలా హోటళ్లలో ముందే చెప్పాలి. ఊళ్లో దిగిన సాయంత్రమే ఫోన్ చేసి, ఎంతమందికో చెప్పి, మర్నాటి రాత్రికి బల్ల ఖాయం చేసుకోండి.